వేటకాని అంతరంగము

వేటను గూర్చి తీర్పు చెప్పిన శాస్త్రకారులు మనకు పెక్కండ్రు కలరు గాని, వేటాడినవాడు తన మనస్సు విప్పి వ్రాసిన గ్రంథములు మాత్రము మిక్కిలి అరుదు. గంటము పట్టినవానికి విల్లుతో పని లేకపోయెను. విల్లు పట్టినవానికి గంటముతో పని లేకపోయెను. అందువలన, ఒక్క మృగమును వెదకుచు తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు ఎండను ముండ్లను లెక్కసేయక అడవిలో తిరుగు మనుష్యునికి, ఆ శ్రమకు ఫలముగా మాంసముకంటె వేరుగా లభించునదేమో తెలిసికొనగోరువాడు, శాస్త్రములందును కావ్యములందును రాజుల దినచర్యలందును చెదరియున్న జాడలను పట్టుకొనియే పోవలసియుండును. అట్లు పోయి చూడగా నాకు తోచినదేమనగా, నిజమైన వేటకానికి చంపుటకంటె మృగమును తెలిసికొనుట ముఖ్యమనియు, ఆ తెలివి నిండుగా నున్నంతకాలము వేట యొక విద్యగా నిలిచినదనియు, అది లోపించిననాడు కేవల సంహారముగా దిగజారినదనియు.

ఈ జాడలలో మిక్కిలి ప్రాచీనమైనవి రాతిమీదనే కలవు. భూపాలపల్లి ప్రాంతమున పాండవులగుట్ట చరియలపై కావిరంగుతో చిత్రించిన మృగములను చూచినవారికి, వానిని వ్రాసిన చేయి వాని నడకను, మెడవంపును ఎరిగిన చేయి యని తెలియకపోదు. అంతకుమించి ఆ చిత్రకారుని మనస్సును గూర్చి చెప్పబూనుట సాహసమగును.

శాస్త్రకాలమునకు వచ్చునప్పటికి వేట వివాదాంశ మయ్యెను. మనువు కామమువలన పుట్టు పది వ్యసనములను లెక్కించుచు వేటనే మొట్టమొదట నిలిపెను. కౌటిల్యుడు మాత్రము అర్థశాస్త్రమున ఎనిమిదవ యధికరణమందు, జూదముకంటె వేటయే చెడ్డదన్న పిశునుని మతమును కాదని, జూదమే హెచ్చు దోషమని నిర్ణయించి, వేటయందలి గుణములను వరుసగా చెప్పెను: శరీరమునకు వ్యాయామము కలుగును, కఫపిత్తములును క్రొవ్వును తగ్గును, నిలిచియున్న గురిని పరువెత్తుచున్న గురిని కొట్టు నేర్పు అబ్బును, కోపమందును భయమందును మృగముల చిత్త మెట్లుండునో తెలియును. కాళిదాసు శాకుంతలమున దుష్యంతుని సేనాపతిచేత ఇంచుమించు ఈ మాటలనే పలికించెను. మొదటి మూడు గుణములును గరిడీసాములోనైనను, బాణాభ్యాసములోనైనను లభించునవే. కడపటి దొక్కటియే అడవిలో తప్ప మరెచ్చటను దొరకదు. ఒక ప్రాణి భయపడిన క్షణమున ఎటు తిరుగునో, రోషము వచ్చిన క్షణమున ఏమి చేయునో ముందుగా ఊహింపగలవాడు, ఆ క్షణమునకు తాను ఆ ప్రాణియే యై యుండవలెను. అర్థశాస్త్రమంతటి నీరసగ్రంథమున ఇట్టి మాట యొకటి చోటు చేసికొనుట నా కెప్పుడును ఆశ్చర్యముగనే యుండును.

ఆ చిత్తజ్ఞానము ముదిరినచో విల్లు దించుటకును దారితీయునని అశోకుని చరిత్రవలన ఊహింపవచ్చును. కర్నూలు మండలమున ఎఱ్ఱగుడివద్ద బండలమీద నేటికిని నిలిచియున్న శాసనములలో, పూర్వరాజుల విహారయాత్రలలో వేట ప్రధానమై యుండెడిదనియు, తాను పట్టాభిషిక్తుడైన పదియేండ్లకు వానికి బదులు ధర్మయాత్రలు ప్రారంభించితి ననియు ఆయన చెప్పుకొనెను. రాజుగారి వంటశాలలో పూర్వము దినమునకు లక్షలకొలది జంతువులు తెగెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లును ఒక జింకయు మాత్రమే యనియు, ఆ జింకయైనను నిత్యము కాదనియు లెక్క చెప్పిన ఆ వాక్యములందు, తన పూర్వజీవితమును దాచుకొనని మనుష్యుని కంఠస్వరము వినబడుచున్నది.

తరువాతి రాజులు వేటను మానలేదు సరికదా, దానినొక కళగా పెంపొందించిరి. కళ్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున వేట యొక రాజవినోదముగా సవిస్తరముగ వర్ణింపబడినది. పెంపుడు జింకను అడవిలో విడిచి దానిని చూచి వచ్చు జింకలను పట్టు ఉపాయము నందు చూడవచ్చును. మన వేటకాండ్రు దీనినే దీమము పెట్టుట యందురు. స్నేహమును ఎరగా చేయు ఈ పద్ధతియందు మృగచిత్తజ్ఞానము పరాకాష్ఠకు చేరినదనుట నిజమే కాని, నా మట్టుకు నాకు ఇంతకంటె కఠినమైన వేట మరియొకటి తోచదు.

ఈ కాఠిన్యమును మన కవులు గుర్తింపకపోలేదు. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను ఎంత యుత్సాహముతో వర్ణించెనో చదివినవారెల్ల ఎరుగుదురు. ఆ వేటగాని కథ చివరకు ఎచ్చటికి పోయినదో తలచువారు కొందరే. పందిని కొట్టబోయిన స్వరోచికి ఒక లేడి యడ్డమువచ్చి, ఆ బాణము తనపై వేయుమని మనుష్యభాషలో వేడుకొని, తుదకు వనదేవతయై, స్వారోచిష మనువునకు తల్లి యయ్యెను. వధింపబోయిన ప్రాణి మాటలాడుటయు, ఆ మాట విన్నవాని సంతతి మన్వంతరమునకే అధిపతి యగుటయు కేవలము పురాణాద్భుతములని నేను త్రోసివేయలేను. ధూర్జటి తిన్నని కథ దీనికి రెండవ ప్రక్క. శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున బోయకుమారుడైన తిన్నడు వేటలో పందిని తరుముచు పోయి శివలింగమును కనుగొనును. అటుపై వాడు చేసిన పూజయంతయు వేటవాని చేష్టలే: మాంసమును కాల్చి, రుచి చూచి, మంచి ముక్కలను ఏరి పెట్టుట, నోటితో నీరు తెచ్చి పోయుట. తన వృత్తిలో నొక్కటియు విడువకుండ, దానిలోని శ్రద్ధనంతటిని దేవునివైపు త్రిప్పినవాడు తిన్నడు. వేటకానికి వేట ఏమి నేర్పునన్న ప్రశ్నకు తెలుగు సాహిత్యమున ఇంతకంటె గొప్ప సమాధానము లేదని నా నమ్మకము.

ఢిల్లీ పాదుషాలలో జహంగీరు తన వేటను గూర్చి తానే వ్రాసికొనెను. పండ్రెండవయేట మొదలుకొని యేబదియవయేటివరకు తన యెదుట కూలిన జంతువులు 28,532 అనియు, అందు తన చేతనే కూలినవి 17,167 అనియు అతడు తన చరిత్రలో లెక్క కట్టెను. అదే జహంగీరు తాను పెంచిన మనసరాజను జింక చనిపోగా దానికి గోరీ కట్టించెను. షేకుపురమున హిరన్ మినారు దాని జ్ఞాపకార్థమే. మనుమని జబ్బు నయమగుటకై, ఇకమీదట ఏ ప్రాణిని తన చేత గాయపరుపనని మ్రొక్కుకొనెను. లెక్క వ్రాసిన చేయియు గోరీ కట్టించిన చేయియు ఒక్కటియే యగుటను వైరుధ్యమని కొట్టివేయుట సులభము. అయితే వేట తెలిసినవారి నడిగినచో, అందు వింత యేమియు లేదనియే చెప్పుదురు.

ఇరువదవ శతాబ్ద ప్రారంభమున వచ్చిన వేట వేరు. 1902 లో వరంగల్లు ప్రాంతమున నెక్కొండవద్ద రాజా దీన్‌దయాళ్ తీసిన ఛాయాచిత్రమొకటి ప్రసిద్ధము: వైస్రాయి కర్జనును, ఆయన భార్యయు నిలువబడియుండగా, వారి ముందు చచ్చిన పులి నేలపై పడియున్నది. ఆ కాలపు సంస్థానాల వేటలో, వందలకొలది హాకావాండ్రు డప్పులు వాయించుచు, కేకలు వేయుచు అడవిని తోలుకొనివత్తురు. పులి బెదరి ముందుగా నిర్ణయించిన దారినే వచ్చును. మంచెమీదనో, ఏనుగుమీదనో కూర్చున్న అతిథి తుపాకి పేల్చును. జాడ తీసినవాడొకడు, దారి ఊహించినవాడొకడు, ప్రాణము పణముగా పెట్టి పొదలలో దూరినవాడొకడు. పటములో నిలిచినవాడు వేరొకడు. వేటలో తెలిసికొనదగిన దంతయు కూలివానికి దక్కెను, తోలు మాత్రము దొరకు దక్కెను. సర్గుజా మహారాజు ఒక్కడే వెయ్యికి మించి పులులను చంపెనన్న ప్రసిద్ధి యున్నది. ఆయనకు అందులో ఎన్ని పులులు విడివిడిగా జ్ఞప్తియం దుండెనో!

ఇందుకు భిన్నముగా కాలినడకను ఒంటరిగా పోయినవారు కొందరుండిరి. జిమ్ కార్బెట్ కుమావూ కొండలలోని నరమాంసభక్షకములైన పులులను గూర్చి 1944 లో ప్రకటించిన గ్రంథమును చదువునప్పుడు, తుపాకి మ్రోగు క్షణముకంటె దానికి ముందు గడచిన దినములే మనస్సునకు హత్తుకొనును. చెమ్మనేలపై పడిన అడుగును చూచి, గుండ్రముగా చదరముగా నున్నచో మగదనియు, వ్రేళ్లు కొంచెము సాగియున్నచో ఆడదనియు అతడు చెప్పగలడు. జాడ అంచులు ఇంకను పదునుగానున్నవా, మంచుబొట్లు దానిమీద పడినవా, సాలెపురుగు దానిమీదుగా దారము లాగినదా యని చూచి, పులి అటు పోయి ఎంతసేపైనదో లెక్కకట్టు నేర్పు ఇది. కొండముచ్చు కూత ఒకచోట, కణితి కూత మరియొకచోట వినబడగా, ఆ రెంటి నడుమ కంటికి కానరాని పులి నడచుచున్న దారిని చెవితో గీయవచ్చును. కార్బెట్ తరువాతి కాలమున తుపాకికంటె చలనచిత్రపు కెమెరానే యెక్కువగా ప్రేమించెను. దాని కీ విద్య యంతయు అక్కరకువచ్చెను, తుపాకిగుండు తప్ప.

నల్లమల చెంచులకు ఈ విద్య పుస్తకముల వలన రాలేదు. 1943 లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ పండితుడు, వారి జీవనము ప్రధానముగ దుంపలమీదను, పండ్లమీదను, ఇప్పపూవుమీదను నడచునే కాని వేటమాంసమువలన కాదని గమనించెను. కడుపు నింపనిదైనను, వేటను వారు విడువలేదు. అడవికి పోవునప్పుడు గారెల మైసమ్మయను దేవతను మ్రొక్కుకొనెడివారు. మృగము పడినచో ఒక ముక్క కాల్చి ఆమెకు పెట్టినపిమ్మటనే తక్కినదానిని పంచుకొనెడివారు. విశాఖ మన్యమున చైత్రమాసమందు వచ్చు ఇటుకల పండుగలోనైతే, వేటకు పోయి వట్టిచేతులతో వచ్చిన పురుషులను స్త్రీలు పేడనీళ్లు చల్లి ఎగతాళి సేయుదురు. ఇట్టిచోట వేట ఏ ఒక్కని సొంత ఘనతయు కాదు. ఊరి యెదుట నిలువవలసిన బాధ్యత. వేటకాని వ్యక్తిగతానుభవమును గూర్చి మాటలాడువారు ఈ ఊరిని మరచుట తరచు చూచుచున్నాను.

1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును, మరుసటి యేట పులుల ప్రాజెక్టును వచ్చెను. 1983 లో నాగార్జునసాగర్, శ్రీశైలము అడవులు పులుల అభయారణ్యమయ్యెను. తుపాకులతో వేల పులులను చంపిన తరగతి తనంతట తాను ఆగకపోవుటవలన ఈ చట్టము తప్పనిసరి యయ్యెను. దాని భారము మాత్రము, పులులను తగ్గించుటలో ఏ పాలును లేని చెంచులమీద నెక్కువగ పడెననుట న్యాయము. అహోబిలమున కనుమనాడు ఆరంభమగు పారువేటలో చెంచులు నేటికిని తమ అల్లుడైన నరసింహస్వామి పల్లకివైపు బాణములు వేయుదురు. ఆ యుత్సవము చుట్టుప్రక్కల గ్రామములలో నలువది దినములకు తక్కువగాకుండ సాగును. అడవిలోనో, చెంచుయువకులు పలువురు అటవీశాఖవారి రక్షణశిబిరములలో కావలికాండ్రుగా పనిచేయుచున్నారు. వారు తెల్లవారుజామున వాగుదరికి పోయి ఇసుకలో పులి యడుగును వెదకి, అది రాత్రిదో ఉదయముదో నిర్ణయించి, మగదో ఆడదో చెప్పి, అది పోయిన దారి వెంబడి కొంతదూరము నడచి చూచి వత్తురు. ఉచ్చులు పన్నినవారి జాడ కనబడినచో దానిని కూడ పులిజాడను తీసినట్లే తీయుదురు.