తడి ఆరేచోట చలవ

ఎండలో నడిచి వచ్చిన బాటసారి చలివేంద్రం దగ్గర ఆగి దోసిలి పట్టాడు. నీళ్ళు పోస్తున్న అమ్మాయి మీంచి చూపు తిప్పుకోలేక, ఇంకాసేపు అక్కడే ఉండాలని వేళ్ళు ఎడం చేసి నీళ్ళు కిందికి పోనిస్తున్నాడు. అది గమనించిన అమ్మాయి ధారను ఇంకా సన్నం చేసింది. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో ఉన్న ముచ్చట ఇది. రసికులు అందులో శృంగారం చూస్తారు. నాకు ముందు కనబడేది ఆ పందిరి. బాట పక్కన కుండలు పెట్టి, నీళ్ళు పోయడానికి ఒక మనిషిని కూర్చోబెట్టే ఏర్పాటు అప్పటికే ఉందన్నమాట. ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేనంత మామూలు సంగతి కాబట్టే అది రెండు పంక్తుల గాథలో ఇమిడిపోయింది. సంస్కృతంలో దాన్ని ప్రప అన్నారు, ఆ అమ్మాయిని ప్రపాపాలిక అన్నారు. మనం చలివేంద్రం అంటాం, చలిపందిరి అంటాం.

వేసవిని మనవాళ్ళు ఎలా దాటుకొచ్చారో రాయాలంటే ఈ కుండ దగ్గరే మొదలుపెట్టాలి. కుండ పక్కన నిలబడిన మనిషిని కూడా వదలకూడదు. వైశాఖ మాసంలో నీటికుండ, గొడుగు, చెప్పులు, విసనకర్ర దానం చేస్తే పుణ్యమని పెద్దలు చెప్పారు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు, విసనకర్ర చేతిలో పెట్టే ఆచారం ఇప్పటికీ ఉంది. బెల్లం నీళ్ళు, మిరియాలు, యాలకులు, నానిన పెసరపప్పు అన్నీ ఎండకు విరుగుడే. ఇదంతా దయతో పుట్టిన ఆచారం, సందేహం లేదు. కానీ పైనుంచి ఎత్తి దోసిట్లో పోసే నీళ్ళలో అంటరానితనం కూడా కలిసి ఉండేది. ఊరి బావిలో చేద వెయ్యనివ్వని మనుషులకు మే నెల ఎండలో దాహం ఎలా తీరేదో ఏ పుణ్యగ్రంథమూ చెప్పదు. దాన్ని తలుచుకోకుండా చలివేంద్రాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

కుండలో నీళ్ళు చల్లబడడం వెనక ఉన్న కిటుకు ఒక్కటే. మట్టి గోడలోంచి నీరు చెమ్మలా బయటికి ఊరి ఆరిపోతుంది. ఆరేటప్పుడు లోపలి వేడిని తనతో తీసుకుపోతుంది. లీటరు నీరు ఆవిరవడానికి దాదాపు 580 కిలోకేలరీల వేడి కావాలి. 30 డిగ్రీల నీటిని మరిగే దాకా కాచడానికి పట్టే వేడికి ఇది ఎనిమిది రెట్లు. అందుకే కొత్త కుండలో నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి. వాడగా వాడగా రంధ్రాలు పూడుకుపోయిన పాత కుండలో ఆ చలవ రాదు. తెలంగాణ రంజన్లు, కూజాలు, కింద పరిచే తడి ఇసుక అన్నిటిదీ ఇదే పని. వాకిట్లో కళ్ళాపి చల్లినా, కిటికీకి తడి గోనె కట్టినా ఇదే. మన ఒంటి మీద చెమట ఆరడం కూడా ఇదే. ఎండలో గట్టిగా పనిచేసే మనిషి గంటకు లీటరు చెమట కార్చగలడు.

కోస్తా వేసవికీ తెలంగాణ వేసవికీ తేడా ఎక్కడుందో కూడా దీంతోనే తెలుస్తుంది. నిజామాబాదులో 43 డిగ్రీల పొడి గాలికి చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. కాకినాడలో 38 డిగ్రీలకే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. గాలి నిండా తేమ ఉంటే చెమట ఎక్కడికి పోవాలి? వాతావరణ శాఖ కూడా ఈ తేడా గమనించే వడగాడ్పు లెక్కలు కట్టింది. మైదానాల్లో 40 డిగ్రీలు చేరితేనే ఆ ఊసెత్తుతారు, కోస్తాలో 37కే ఎత్తుతారు. ఎక్కడైనా సరే 45 చేరితే వడగాడ్పు, 47 చేరితే తీవ్ర వడగాడ్పు.

ఇళ్ళ సంగతి చూడండి. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నడిమధ్య ఆకాశం కనబడుతుంది. వేడెక్కిన గాలి పైకి పోతుంది, చుట్టూ ఉన్న పంచల నీడలోంచి చల్లగాలి వస్తుంది. రాయలసీమ మిద్దె ఇంకో దారి పట్టింది. మందమైన రాతి గోడలు, దూలాల మీద మూరెడు మట్టి, వెలుతురుకూ పొగకూ ఒక గవాక్షి. పగటి ఎండ ఆ మట్టిని దాటి లోపలికి దిగేలోగా పొద్దు గూకుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ మిద్దె మీదికి ఎక్కి పడుకుంటారు. ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు గాలివానకు తట్టుకోవడానికి గుండ్రంగా కట్టుకున్నదే అయినా, నేలదాకా దిగిన దాని తాటాకు చూరు ఎండను కూడా గోడ దగ్గరికి రానివ్వదు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టాక ఆ పెంకు మన ఊళ్ళలోకీ వచ్చింది. పెంకుల సందుల్లోంచి వేడిగాలి దారి చూసుకునేది కాబట్టి దానితో పెద్ద చిక్కేమీ రాలేదు. చిక్కు తర్వాత వచ్చింది.

ఇల్లు ఎంత చల్లనిదైనా ఎండాకాలానికి అసలు మందు వేళ పాటించడమే. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని సామెత చెప్పిన జనం ఆ కార్తెలో పొలానికి ఎప్పుడు పోవాలో కూడా చెప్పుకున్నారు. కోడి కూసేవేళకు మడక కట్టి, ఎండ ముదరకముందే విప్పేసేవారు. మధ్యాహ్నం చింతచెట్టు కింద కునుకు. జూన్ మొదట్లో మృగశిర కార్తె వచ్చేదాకా అదే వరస. మన ఒంటిపూట బడులు ఆ పాత వేళల్లో మిగిలిన ముక్క. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వేసవికి కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకోవడం కూడా ఈ ముందుచూపులోదే.

తిండి విషయంలో మనకు ఒక రాజుగారి సాక్ష్యం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో భక్తుడైన విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం పెట్టేవాడో ఒక్కో పద్యంలో చెప్పాడు. వేసవి పద్యంలో ముందు ఒంటికి చందనం పూయడం, తర్వాత నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరుకు రసం, కొబ్బరినీళ్ళు, పళ్ళు, సువాసన కట్టిన చన్నీళ్ళు, నీరుమజ్జిగ ఉంటాయి. ఐదు వందల ఏళ్ళ నాటి ఆ వడ్డనను ఈ రోజు ఏ డాక్టరుకు చూపించినా ఒక్కటి కూడా తీసెయ్యమనడు. అన్నం పొగలు కక్కకుండా నులివెచ్చగా ఉండాలనడంలోని శ్రద్ధ నన్ను ప్రతిసారీ ఆపుతుంది. ఆ మజ్జిగను ఆయన చల్ల అన్నాడు. మన భాషలో మజ్జిగ పేరూ చలవ పేరూ ఒక్కటే. విష్ణుచిత్తుడి ఇంటి సంగతి అలా ఉంటే, కూలి ఇళ్ళలో చద్దన్నం, తరవాణి, రాగంబలి, జొన్నంబలి ఉండేవి. నంజుకోడానికి పచ్చి ఉల్లిపాయ. తాటిముంజలు, సీమలో నన్నారి షర్బత్ కూడా ఈ కోవలోవే.

నీళ్ళే లేనిచోట ఇవన్నీ ఉత్త మాటలు. శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటువులో కవి పల్నాడులో దాహంతో అల్లాడుతూ శివుణ్ణి నిలదీస్తాడు. ఇద్దరు భార్యలెందుకు, పార్వతి చాలదా, గంగను ఇటు వదిలిపెట్టమంటాడు. ఇప్పటికీ వేసవి వార్తల్లో మొదట వినబడే పేర్లలో పల్నాడు రెంటచింతల ఒకటి. చాటువు కట్టింది ఎవరైనా, దాహం మాత్రం నిజమైనదే.

ఇంగ్లీషు దొరలు వచ్చాక పాత కిటుకునే పెద్ద ఎత్తున వాడుకున్నారు. కచేరీల గుమ్మాలకు వట్టివేళ్ళ తడికెలు కట్టించి రోజంతా నీళ్ళు చల్లించేవారు. ఆ సువాసనల చల్లగాలి పాత కలెక్టరు బంగళాల జ్ఞాపకాల్లో తప్పకుండా ఉంటుంది. పైన గుడ్డ పంకా. దాని తాడు గోడకు వేసిన రంధ్రంలోంచి వరండాలోకి పోయేది. అక్కడ ఒక మనిషి కూర్చుని పగలంతా లాగేవాడు. రాత్రి దొర నిద్రపోతుంటే ఇంకొకడు లాగేవాడు. గోడకు ఇవతల గాలి, అవతల ఆ గాలికి కారణమైన మనిషి చెమట. వేసవి చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువ కలతపెట్టే బొమ్మ ఇదే. అప్పటికీ ఓర్చుకోలేనప్పుడు దొరలు కొండలెక్కారు. మద్రాసు ప్రభుత్వం ఏటా ఉదకమండలానికి మకాం మార్చేది. కడప కలెక్టరు హార్స్లీ ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకుంటే ఆ కొండకు ఆయన పేరే స్థిరపడిపోయింది.

అంతకంటే వింతైన కథ మంచుగడ్డది. 1833 మే 12న టస్కనీ అనే ఓడ అమెరికాలోని బోస్టన్ నుంచి 180 టన్నుల మంచుగడ్డతో బయల్దేరింది. చలికాలంలో అక్కడి చెరువుల మీద గడ్డకట్టిన మంచును రంపాలతో కోసి పేర్చి పంపించినది ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి నాలుగు నెలల తర్వాత ఆ ఓడ కలకత్తా చేరేసరికి కూడా దాదాపు 100 టన్నులు మిగిలి ఉంది. మద్రాసులో ఆ మంచును దాచడానికి 1842లో సముద్రపు ఒడ్డున ఐస్‌హౌస్ కట్టారు. కోస్తా, సీమ జిల్లాలన్నీ మద్రాసు రాజధాని కింద ఉన్న రోజులవి. ఆ మంచు దొరలకూ, డబ్బున్న కొద్దిమందికీ, జ్వరంతో ఉన్న రోగులకూ తప్ప ఇంకెవరికీ అందలేదు. 1870లలో ఆవిరి యంత్రాలతో మంచు ఇక్కడే తయారవడం మొదలయ్యాక ఓడల మంచుకు గిరాకీ పోయింది. చేతులు మారిన ఆ భవనంలోనే 1897లో వివేకానందుడు తొమ్మిది రోజులు బస చేశాడు. ఇప్పుడు అది ఆయన పేరుతోనే ఉంది. ఐసు మాత్రం బజారుకు దిగింది. పుల్ల ఐసు, సోడా బండి, చెరుకు రసం గ్లాసులో తేలే ముక్క. దొర బల్ల మీది వస్తువు కూలివాడి చేతికి రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

పంకా లాగే మనిషిని తప్పించింది కరెంటు. హైదరాబాదు సంస్థానంలో విద్యుత్ శాఖ 1910లో ఏర్పడింది. పల్లెలకు కరెంటు రావడం చాలాచోట్ల స్వాతంత్ర్యం వచ్చాకే. తర్వాత వచ్చిన కూలర్ చూడడానికి కొత్త యంత్రమే. గడ్డి తడకలు, వాటి మీద పారే నీళ్ళు, వెనక ఫ్యాను కలిస్తే అది వట్టివేళ్ళ తడికే కదా. అందుకే హైదరాబాదు, వరంగల్లు ఇళ్ళలో అది బాగా పనికొస్తుంది, మచిలీపట్నంలో చెమ్మ పెంచి ఊరుకుంటుంది. ఫ్యానుకూ ఒక హద్దు ఉంది. గాలి వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది.

1902లో విల్లిస్ క్యారియర్ అనే అమెరికా ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం ఎయిర్ కండిషనర్ రూపొందించాడు. తేమకు కాగితం సాగి రంగులు చెదిరిపోవడమే అక్కడి బాధ. మనుషుల సుఖం అప్పటికి లెక్కలో లేదు. మనకు ఏసీ మొదట సినిమాహాలు బోర్డు మీద కనబడింది. ఇంటి పడగ్గదిలోకి రావడం మొన్నమొన్నటి మాట. కుండకూ ఏసీకీ ఉన్న పెద్ద తేడా ఇక్కడ చెప్పాలి. ఏసీ లోపలి వేడిని, దాంతోపాటు తాను మింగిన కరెంటు వేడిని కూడా వీధిలోకి ఊదుతుంది. ఆ వీధిలో ఎవరో ఒకరు ఉంటారు. పంకా తాడు లాగిన మనిషి లేచి వెళ్ళిపోయినా, గోడకు అవతలి వేడి మాత్రం పోలేదు.

ఇందాక చిక్కు అన్నది సిమెంటు స్లాబు గురించే. గాలివానకు ఎగిరిపోని, నిప్పుకు అంటుకోని ఇల్లు కావాలని పేదవాడు కోరుకోవడం న్యాయం. పూరిగుడిసెలు కాలి బూడిదైన ఊళ్ళు చూసినవాళ్ళెవరూ స్లాబును తప్పుపట్టలేరు. కానీ నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతుంది. రాత్రి పదింటికి పై అంతస్తు గదిలో పడుకుంటే మొహానికి సెగ తగులుతుంది. సిమెంటు రేకుల ఇంట్లోనైతే పగలే పొయ్యి. అరుగులు పోయాయి, పెరట్లో వేపచెట్టు పోయింది, ఆరుబయట మంచం వేసుకునే చోటు కూడా పోయింది. రాత్రి చల్లబడితేనే ఒళ్ళు పగటి దెబ్బ నుంచి తేరుకుంటుంది. ఆ రాత్రి చలవను మనం చేతులారా పోగొట్టుకున్నాం.

2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వేల మంది చనిపోయారు. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 1,700కు మించి ప్రాణాలు పోయాయి. వాళ్ళలో ఎక్కువమంది రోజుకూలీలు, ముసలివాళ్ళు. ఉపాధి పనిలో చెరువు మట్టి తవ్వేవాళ్ళు, గొర్రెలు కాసేవాళ్ళు, తోపుడుబండ్ల వాళ్ళు. ఎండలో పనిచెయ్యకూడదని వాళ్ళకు తెలియక కాదు, ఆ పూట పని మానితే కూలి లేదు. వేసవి నెలల్లో తక్కువ మట్టి తవ్వినా పూర్తి కూలి కట్టే వేసవి భత్యం మన ఉపాధి పథకంలో ఉండేది. నా లెక్కలో కోడికూతకు మడక కట్టిన తాతల తెలివికి సర్కారు కాగితం మీద వచ్చిన రూపం అదే.

2010 మే నెలలో ఎండలకు వందలమందిని పోగొట్టుకున్న అహ్మదాబాదు నగరం 2013లో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తయారుచేసింది. దక్షిణాసియాలో మొదటిది అది. ముందుగా హెచ్చరిక ఇవ్వడం, ఆసుపత్రులను సిద్ధం చెయ్యడం, పనివేళలు మార్చడం, నీళ్ళు పెట్టడం. తర్వాత మన రెండు రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత పైకప్పుకు వేస్తే లోపల వేడి తగ్గుతుంది. మా అమ్మమ్మ ఏటా ఉగాదికి ముందు డాబాకు సున్నం కొట్టించేది. అప్పుడు నేను పండగ శుభ్రం కోసం అనుకున్నాను.

మొన్న ఏప్రిల్లో ఒక పెద్ద కట్టడం పనిచోట రోడ్డు పక్క తాటాకు పందిరి కనబడింది. ఇసుకలో నాలుగు కుండలు, వాటికి చుట్టిన తడి ఎర్రగుడ్డ, పక్కన మజ్జిగ బిందె. నడివయసు ఆవిడ ఒకామె ముంచి పోస్తోంది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. సిమెంటు దుమ్ముతో వచ్చిన కుర్రాడు దోసిలి పట్టబోతే, "గ్లాసు తీసుకో నాయనా" అని చేతికిచ్చింది. అతని వెనక పదిహేను మంది ఎండలో నిలబడి ఉన్నారు. ఆమె ధారను సన్నం చెయ్యలేదు. గ్లాసు అంచు దాకా నింపి, ఇంకో గ్లాసు అందుకుంది.