ఒక్క అంకె మారితే: స్ప్రెడ్‌షీట్ పుట్టుపూర్వోత్తరాలు

1978 వసంతంలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో ఒక ప్రొఫెసర్ నల్లబల్ల మీద అడ్డంగా, నిలువుగా వరుసలు కట్టి ఓ కంపెనీ లెక్కలు వేస్తున్నారు. మధ్యలో ఒక అంకె మార్చాల్సి వచ్చింది. దాన్ని చెరిపి కొత్తది వేశాక, దాని మీద ఆధారపడిన మొత్తాలన్నీ ఒక్కొక్కటిగా చెరిపి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఎంబీఏ విద్యార్థి డాన్ బ్రిక్లిన్‌కు అప్పుడే ఓ ఊహ తట్టింది. ఒక అంకె మార్చగానే మిగతావన్నీ వాటంతట అవే మారిపోయే నల్లబల్ల ఉంటే?

ఈ ఊహ గాలిలోంచి ఊడిపడింది కాదు. హార్వర్డ్‌కు రాకముందు అతను డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో వర్డ్ ప్రాసెసింగ్ మీద పనిచేశాడు. తెర మీద ఒక పేరాలో కొత్త మాట చేరిస్తే మిగతా పంక్తులు జరిగి చోటివ్వడం అతనికి రోజూ కనిపించేదే. మాటలు సర్దుకున్నట్టే అంకెలూ సర్దుకోవాలని కోరుకున్నాడు.

గళ్లలో లెక్క రాయడం మాత్రం ఎంతో పాతది. మన వ్యాపారుల దగ్గర ఏ రోజుకారోజు జమాఖర్చు పడే చిట్టా ఉండేది. చిట్టాలోని పద్దులను ఖాతాల వారీగా విడదీసి ఎక్కించే ఆవర్జా ఉండేది. ఐరోపాలో జంటపద్దు విధానాన్ని లూకా పాచోలీ 1494లోనే అచ్చులో వివరించాడు. ఇవన్నీ జరిగిపోయినదాన్ని నమోదు చేసే పుస్తకాలు. జరగబోయేదాన్ని లెక్కవేయాలంటే, ధర తగ్గిస్తే లాభం ఏమవుతుందో చూడాలంటే, మళ్లీ కొత్త కాగితం తీయాల్సిందే. ఒక్కో ఊహకు ఒక్కో కాగితం. అందుకే వ్యాపారులు ఎక్కువ ఊహలు చేసేవారు కాదు. కాలిక్యులేటర్ వచ్చినా పరిస్థితి మారలేదు. అది ఒక కూడిక త్వరగా చేస్తుంది గానీ, ఆ కూడిక ఎక్కడెక్కడికి వెళ్లాలో దానికి తెలియదు.

కంప్యూటర్‌తో ఈ పని చేయించవచ్చని బ్రిక్లిన్‌కన్నా ముందే కనిపెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు తగినంతగా వినిపించకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. బర్కిలీలో అకౌంటింగ్ ప్రొఫెసర్ రిచర్డ్ మాటెసిచ్ 1961లోనే సంస్థ బడ్జెట్‌ను కంప్యూటర్ నమూనాగా మలచవచ్చని వ్యాసం రాశాడు. 1964లో దాన్ని పుస్తకంగా విస్తరించాడు. ఆ దశాబ్దం చివర రెనె పార్డో, రెమీ లాండౌ అనే ఇద్దరు లాన్‌పార్ అనే వ్యవస్థ తయారు చేశారు. బెల్ కెనడా లాంటి పెద్ద కంపెనీలు తమ బడ్జెట్లకు దాన్ని వాడాయి. లెక్కలు ఏ వరుసలో రాసినా, ఏది ముందు తేలాలో, ఏది తర్వాత తేలాలో ఆ ప్రోగ్రామే చూసుకునేది. వాళ్లు 1970లో పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే, కోర్టు దాకా వెళ్లాక 1983లో అది చేతికొచ్చింది. అప్పటికే ప్రపంచం వేరే పేర్లను గుర్తుపెట్టుకుంది. లాన్‌పార్ చాలామంది పంచుకుని వాడే పెద్ద టైమ్‌షేరింగ్ కంప్యూటర్ల మీద నడిచేది. ఎవరి బల్ల మీద వాళ్లకు కంప్యూటర్ ఉండే రోజులు అప్పటికి రాలేదు.

బ్రిక్లిన్ కాలానికి ఆ రోజులు వచ్చాయి. డాన్ ఫిల్‌స్ట్రా అనే ప్రచురణకర్త దగ్గర యాపిల్ టూ కంప్యూటర్ అరువు తెచ్చుకుని బేసిక్ భాషలో ఓ నమూనా తయారు చేశాడు. అసలు ప్రోగ్రాం రాసింది ఎంఐటీ నాటి స్నేహితుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్. ఎంఐటీ కంప్యూటర్‌ను రాత్రిళ్లు వాడుకుంటే ఖర్చు తక్కువని, అతను రాత్రంతా మేలుకుని కోడ్ రాసేవాడు. ఇద్దరూ కలిసి సాఫ్ట్‌వేర్ ఆర్ట్స్ అనే కంపెనీ పెట్టారు. యాపిల్ టూ కీబోర్డు మీద బాణం మీటలు రెండే ఉండేవి, కుడికీ ఎడమకీ. పైకీ కిందికీ వెళ్లాలంటే స్పేస్‌బార్ నొక్కి దిశ మార్చుకోవాలి. అంత ఇరుకులో కూడా వాళ్లు చేసిన ఏర్పాట్లు నేటికీ నిలిచాయి. నిలువు వరుసలకు అక్షరాలు, అడ్డు వరుసలకు అంకెలు, వాటి కూడలిలో ఏ1, బీ2 అని ప్రతి గడికీ ఒక చిరునామా.

1979 అక్టోబరులో ఆ ప్రోగ్రాం విసికాల్క్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. నిలువున 63 వరుసలు, అడ్డంగా 254. ఇంత చిన్న పలక వ్యాపారాన్ని ఎందుకు కుదిపేసిందో ఓ చిన్న లెక్కతో చూడవచ్చు. నెలకు 1,000 సీసాల శీతల పానీయం, సీసా 20 రూపాయల చొప్పున అమ్ముతున్నారు. ఒక్కో సీసా తయారీకి 14 రూపాయలు. అద్దె, జీతాలు కలిపి నెలకు 4,000. లాభం 2,000. ఇప్పుడు పోటీకి తట్టుకోవాలని సీసాకు ఒక్క రూపాయి తగ్గించారనుకోండి. ధర గడిలో 20 తీసి 19 వేయగానే, లాభం గడిలో 1,000 కనిపిస్తుంది. ధర తగ్గింది నూటికి ఐదు, లాభం పోయింది సగం. మరి పాత లాభం రావాలంటే ఎన్ని సీసాలు అమ్మాలి? అమ్మకాల గడిలో 1,200 వేసేదాకా రకరకాల అంకెలు వేసి చూడవచ్చు. నూటికి ఇరవై ఎక్కువ అమ్మగలమా లేదా అన్నది ఇక వ్యాపారి తన బజారును బట్టి తేల్చుకోవాల్సిన విషయం.

లెక్క చేసేవాడు, నిర్ణయం తీసుకునేవాడు ఒక్కరే అయ్యారన్నదే స్ప్రెడ్‌షీట్ తెచ్చిన అసలు మార్పని నేను నమ్ముతాను. అంతకుముందు ప్రశ్న యజమానిది, జవాబు గుమాస్తాదో ప్రోగ్రామర్‌దో. ప్రశ్నకూ జవాబుకూ మధ్య రోజులు గడిచేవి. ఆ దూరం ఒక్క ఎంటర్ మీట నొక్కేంతకు తగ్గింది. దాదాపు 100 డాలర్ల ఈ ప్రోగ్రాం కోసం, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన యాపిల్ కంప్యూటర్ కొన్నవాళ్లు చాలామంది. కంప్యూటర్ అమ్ముడుపోవడానికి సాఫ్ట్‌వేరే కారణమవుతుందని బెన్ రోజెన్ అనే స్టాక్ మార్కెట్ విశ్లేషకుడు 1979లోనే రాశాడు. అదే నిజమైంది.

విసికాల్క్‌కు పేటెంట్ మాత్రం లేదు. సాఫ్ట్‌వేర్‌కు పేటెంట్ దొరకడం కష్టమని అప్పటి న్యాయవాదులు చెప్పారు. దాంతో దారి అందరికీ తెరుచుకుంది. మిచ్ కేపర్ అంతకుముందు విసికాల్క్ లెక్కలను గ్రాఫులుగా చూపే విసిప్లాట్ రాసినవాడు. దాని హక్కులు అమ్మగా వచ్చిన డబ్బుతో లోటస్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ కోసం జొనాథన్ శాక్స్ ఐబీఎం పీసీ మీద నడిచేలా అసెంబ్లీ భాషలో ప్రోగ్రాం రాశాడు. 1983 జనవరిలో లోటస్ 1-2-3 వచ్చింది. లెక్కలు, గ్రాఫులు, డేటాబేస్ మూడూ ఒకే చోట. మొదటి ఏడాది అమ్మకాలు 5.3 కోట్ల డాలర్లు. రెండేళ్లకు సాఫ్ట్‌వేర్ ఆర్ట్స్‌ను లోటస్సే కొనేసి, విసికాల్క్ అమ్మకాలు ఆపేసింది.

గ్రాఫు సంగతి ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. వ్యాపార లెక్కలను గీతలుగా, పట్టీలుగా గీయడం స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫేర్ 1786లో మొదలుపెట్టాడు. 1801లో వృత్తాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపించాడు. తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ల పాటు పటం గీయడం చిత్రకారుడి పనిగానే మిగిలింది. అంకెలు మారితే పటం మళ్లీ గీయాలి. లోటస్‌లో అంకె మార్చి ఎఫ్10 మీట నొక్కితే కొత్త పటం తెర మీదికొస్తుంది. ధర ఒక్క రూపాయి తగ్గితే లాభం గీత ఎంత కిందికి వంగుతుందో కంటికి కనిపించడం, 1,000 అన్న అంకె చదవడం కన్నా ఎంతో బలంగా మనసుకెక్కుతుంది.

ఐబీఎం పీసీలను నడిపే, లోటస్ గుత్తాధిపత్యం ఉన్న డాస్ జోలికి పోకుండా, మైక్రోసాఫ్ట్ 1985లో ఎక్సెల్‌ను ముందుగా మాకింటాష్‌కు తెచ్చింది, 1987లో విండోస్‌కు. ఎక్సెల్ గెలుపులో ఒక లోతైన కారణం బయటికి కనిపించదు. విసికాల్క్ షీట్‌ను వరుస వెంట వరుసగా మొత్తం తిరిగి లెక్కించేది. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్ డగ్ క్లండర్ ఎక్సెల్ కోసం రాసిన పద్ధతి మారిన గడినీ, దాని మీద ఆధారపడిన గడులనూ మాత్రమే లెక్కిస్తుంది. పెద్ద షీట్‌లో ఈ తేడా కాఫీ తాగి వచ్చేంత.

ఎక్సెల్ పాత దారులను గౌరవించింది కూడా. లోటస్ 1-2-3 ప్రకారం 1900 లీపు సంవత్సరం. నాలుగు వందలతో భాగించబడే శతాబ్ది సంవత్సరాలే లీపు, కాబట్టి ఇది తప్పు. కానీ లోటస్ ఫైళ్లతో తేదీలు కలవాలని ఎక్సెల్ ఆ తప్పును అలాగే ఉంచింది. ఎన్నడూ లేని 1900 ఫిబ్రవరి 29 నేటికీ ఎక్సెల్ కేలండర్లో ఉంది.

విశ్లేషణకు అతి పెద్ద పనిముట్టు పివట్ టేబుల్ మూలాలు మళ్లీ లోటస్‌లోనే ఉన్నాయి. అక్కడ పనిచేసిన పీటో సాలాస్ ఆలోచనల నుంచి 1991లో ఇంప్రొవ్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం వచ్చింది. డేటా ఒక పక్క, సూత్రాలు ఒక పక్క, చూసే తీరు మరో పక్క ఉంచమని అది కోరింది. గళ్ల చిరునామాల బదులు పేర్లు వాడమంది. మంచి క్రమశిక్షణే. కానీ ఎక్కడ తోస్తే అక్కడ రాసుకునే స్వేచ్ఛకు అలవాటుపడ్డ జనం దాన్ని ఆదరించలేదు. అందులోంచి వరుసలను అటూ ఇటూ తిప్పి చూసే ఆలోచన మాత్రం ఎక్సెల్‌లో పివట్ టేబుల్‌గా స్థిరపడింది. ఏడాది అమ్మకాల పద్దులను జిల్లా వారీగా, సరుకు వారీగా, నెల వారీగా నిమిషంలో విడదీస్తుంది. పాత ఆవర్జా చేసిన పని అదే. హైదరాబాద్ అమీర్‌పేటలో అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ నేర్చుకుని కంపెనీ యాజమాన్యానికి ఎమ్‌ఐఎస్ రిపోర్టులు తయారు చేసే ఉద్యోగంలో చేరే కుర్రాడికి ఇదే రోజువారీ పని.

ఎక్కడ తోస్తే అక్కడ రాసుకునే ఆ స్వేచ్ఛకు ఖరీదు ఉంది. గడిలో పైకి కనిపించేది అంకె, సూత్రం దాని వెనక దాగి ఉంటుంది. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ప్రఖ్యాత ఆర్థికవేత్తలు ప్రభుత్వ అప్పులకూ అభివృద్ధికీ ఉన్న సంబంధం మీద 2010లో రాసిన పత్రాన్ని ఎన్నో దేశాల్లో పొదుపు విధానాలకు ఆధారంగా చూపారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల షీట్ తెరిచి చూస్తే, సగటు సూత్రం 49వ వరుస దాకా పోవాల్సింది 44 దగ్గరే ఆగింది. ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. ఆ పత్రం మీద వేరే అభ్యంతరాలూ ఉన్నాయి, కానీ ఈ ఒక్కటి షీట్ తెరిస్తే ఎవరైనా చూడగలిగినది, మూడేళ్లు ఎవరూ చూడనిది. 2012లో జేపీ మోర్గాన్ బ్యాంకు 600 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయిన వ్యవహారంలో, నష్టభయాన్ని కొలిచే నమూనా ఎక్సెల్ షీట్ల మధ్య చేత్తో కాపీ చేసి అతికించడం మీద నడిచింది. సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించడంతో ప్రమాదం ఉన్నదానికన్నా తక్కువగా కనిపించింది. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య విభాగం 65,536 వరుసలు దాటితే మోయలేని పాత ఫైల్ రకాన్ని వాడటంతో 15,841 కొవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు.

ఇలాంటి పొరపాట్లకు మందు, స్ప్రెడ్‌షీట్ నమూనాలు కట్టే వృత్తివాళ్ల అలవాట్లలోనే ఉంది. మనం ఊహించి వేసిన అంకెలు నీలం రంగులో, సూత్రాలు నలుపులో ఉంచుతారు. ధర, అద్దె లాంటివి సూత్రం లోపల ఇరికించరు, విడిగా ఒక చోట పెడతారు. ముడి డేటా ఉన్న షీట్‌ను ముట్టుకోరు, విశ్లేషణ వేరే షీట్‌లో చేస్తారు. మొత్తం రెండు దారుల్లో కట్టి, తేడా సున్నా వచ్చిందో లేదో చూసే గడి ఒకటి ఉంచుతారు. చిట్టా మొత్తం, ఆవర్జా మొత్తం సరిచూసుకునే పాత పద్ధతికి ఇది కొనసాగింపే.

2006లో గూగుల్ షీట్స్ రావడంతో ఒకే షీట్‌ను పది మంది ఒకేసారి దిద్దే వీలు కలిగింది. 2020 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో ల్యాంబ్డా అనే సౌకర్యాన్ని ప్రకటించింది. ఒక సూత్రాన్ని ఒకసారి రాసి, పేరు పెట్టి, ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకోవచ్చు. తప్పు ఉంటే వెయ్యి గడుల్లో కాదు, ఒక్క చోట దిద్దితే చాలు. ప్రోగ్రామర్లకు దశాబ్దాలుగా ఉన్న ఈ సౌకర్యం, ప్రోగ్రామర్లం కాదనుకునే కోట్ల మంది లెక్కల మనుషులకు ఇన్నాళ్లకు అందింది.