ఆదిమాణు సిద్ధాంతం – సృష్టివాద చర్చ

విశ్వానికి ఆరంభం ఉందన్న శాస్త్ర ప్రతిపాదనను మతం చెప్పే సృష్టికి రుజువుగా గ్రహించవచ్చునా అన్న ప్రశ్నపై 20వ శతాబ్దంలో సాగిన చర్చకు బెల్జియం దేశస్థుడైన జార్జ్ లెమైత్ర్ (1894–1966) కేంద్రబిందువుగా నిలిచాడు. కాథలిక్ మతాచార్యుడూ భౌతిక శాస్త్రజ్ఞుడూ అయిన ఇతడు, ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంత సమీకరణాల ఆధారంగా విశ్వం వ్యాకోచిస్తున్నదని 1927లో చూపి, ఆ వ్యాకోచాన్ని వెనక్కు లెక్కగడితే సమస్త పదార్థమూ ఒక ‘ఆదిమాణువు’లో, అనగా అత్యంత సాంద్రమైన తొలి స్థితిలో, ఇమిడి ఉండేదని 1931లో ప్రతిపాదించాడు.

ఇందులో మతవాసన ఉందని శంకించినవారిలో ఫ్రెడ్ హోయల్ ముఖ్యుడు. ఇతడూ, బాండీ, గోల్డ్‌లూ 1948లో ప్రతిపాదించిన స్థిరస్థితి సిద్ధాంతం ప్రకారం, విశ్వం వ్యాకోచిస్తున్నా కొత్త పదార్థం నిరంతరం పుడుతూ ఉండటం వల్ల దాని సాంద్రత మారదు, కనుక దానికి ఆద్యంతాలు లేవు; సృష్టిని నిరాకరించబోయిన సిద్ధాంతానికే ఎడతెగని పదార్థోత్పత్తి అవసరం కావడం విచిత్రమే. 1951 నవంబరు 22న పన్నెండవ పయస్ పోప్ వాటికన్ విజ్ఞాన అకాడమీలో ప్రసంగిస్తూ, ఆధునిక ఖగోళ శాస్త్రం సృష్టికర్త ఉనికిని బలపరుస్తున్నదన్న అర్థంలో మాట్లాడగా, దానిని హర్షించనివారిలో స్వయంగా లెమైత్ర్ ఒకడు. తన సిద్ధాంతం ఆధ్యాత్మిక ప్రశ్నలకు పూర్తిగా వెలుపలిదనీ, ఆస్తికుడూ నాస్తికుడూ సమానంగా దానిని అంగీకరించవచ్చుననీ అతని వాదన. ఉభయపక్షాల వాదనల్లోనూ ఇదే నిలకడైనది.

విశ్వపు తొలి వేడిమికి అవశేషమైన సూక్ష్మతరంగ వికిరణాన్ని పెంజియాస్, విల్సన్‌లు కనుగొన్న సంగతి 1965లో వెల్లడి కావడంతో స్థిరస్థితి సిద్ధాంతం వెనుకబడింది. ప్రస్తుత అంచనా ప్రకారం విశ్వం వయస్సు దాదాపు 1,380 కోట్ల సంవత్సరాలు.