కిన్నెర పిలిస్తే తిరిగొచ్చే వీరులు

1986లో అమెరికాలో డీసీ కామిక్స్ సంస్థ నాలుగు భాగాలుగా ఒక బొమ్మల కథ వేసింది. పేరు ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’. కథ రాసి బొమ్మలు గీసింది ఫ్రాంక్ మిల్లర్. అందులో బ్యాట్‌మన్ కుర్రాడు కాదు, 55 ఏళ్లవాడు. ముసుగు తీసి పక్కన పడేసి పదేళ్లయింది. తన ఊరు గోథమ్ దుండగుల పాలైపోతుంటే ఉండబట్టలేక మళ్లీ బయటికొస్తాడు. ఎముకలు విరుగుతాయి, నెత్తురు పారుతుంది, ఆఖరికి పోలీసులూ సర్కారూ అతని వెంటే పడతాయి. కామిక్స్ అంటే పిల్లల కాలక్షేపమనుకునే పెద్దలను కూడా కూర్చోబెట్టి చదివించిన పుస్తకాల్లో అదొకటి.

పాలమూరుకు ఈ వరస కొత్తేమీ కాదు. సర్కారు తరిమే వీరుడు, ఒళ్లు జలదరించే చావు, పోయాడనుకున్నవాడు జనం నడుమకు మళ్లీ రావడం, ఇవన్నీ నల్లమల అంచు పల్లెలు తరాలుగా విన్నవే. కాకపోతే ఇక్కడి వీరుడు అచ్చులో రాలేదు. సొరబుర్రలు కట్టిన వెదురు మీద పాటగా వచ్చాడు.

ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో అవుసలికుంట అనే ఊరుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యది ఆ ఊరే. డక్కలి కులం. కిన్నెర ఆయనకు తండ్రుల నుంచి వచ్చిన ఆస్తి. పండుగ సాయన్న, మియాసాబ్, ఎండబెట్ల ఫకీరయ్య వంటి పాలమూరు వీరుల కథలు ఆయన నోట్లో ఉన్నాయి. ఎండబెట్ల కూడా నాగర్‌కర్నూల్ పక్కదే. అంటే వినేవాళ్లకు ఈ వీరులు ఏ గోథమ్ నగరం వాళ్లో కాదు, పక్క ఊరివాళ్లు.

వీరందరిలో పేరు మోగినవాడు పండుగ సాయన్న. ముదిరాజ్ కులస్థుడు. 19వ శతాబ్దం చివరి కాలం. హైదరాబాదులో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలన, ఆయన పేరు మీదే పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. చుట్టూ గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు. ఊళ్లో పటేలు, పట్వారీ, దొర చెప్పిందే శాసనం. పంట పండినా పండకపోయినా శిస్తు కట్టాలి, వెట్టి చెయ్యాలి. సాయన్న ఉన్నవాళ్ల గాదెలు కొల్లగొట్టి లేనివాళ్లకు పంచాడని, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు చేయించాడని పాట చెబుతుంది. చివరికి పెద్దలంతా ఒక్కటై అతణ్ని పట్టించారని, తల నరికారని కథ. మంత్రం లేదు, మాయ లేదు, ఎగిరే శక్తి లేదు. ఉన్నదల్లా కండబలమూ తెగువా. అందుకే ఆ చావు వినేవాళ్లకు తమ ఇంట్లో చావులా తగిలింది.

ఆ చావు తర్వాత సాయన్నను బతికించింది డక్కలి వాళ్ల వృత్తి. వాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబవంతుణ్ని మూలపురుషుడిగా చెప్పే జాంబపురాణం వినిపించడం, మాదిగల వంశావళి చెప్పడం వాళ్ల హక్కు. బదులుగా మాదిగవాడల్లో తిండిగింజలు, పైసలు అందేవి. ఊరు మాత్రం వాళ్లను దూరంగానే ఉంచింది. గుడారాలు ఊరి బయటే వేసుకోవాలి. అంతటి అంటరానితనాన్ని మోసినవాళ్ల నోట దొరను ఎదిరించినవాడి కథ పలకడం వింతేమీ కాదు.

తెలుగు నేల మీద బొమ్మల కథ కూడా ఈ ఆశ్రిత కులాల దగ్గరే పెరిగింది. ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ చిత్రకారులు వేసే పటాలు ఒక రకంగా మన కామిక్స్. ఖాదీ గుడ్డకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద అడ్డంగా గదులు గీసి, గదికో ఘట్టం చొప్పున కథంతా దింపేవారు. పటం ముప్పై నలభై అడుగులు సాగేది. ముదిరాజ్‌లకు కాకిపడగల వాళ్లు, పద్మశాలీలకు కూనపులి వాళ్లు, మాదిగలకు డక్కలి వాళ్లు, ఇలా ఏ కులానికి ఆ కులం కథ చెప్పేవాళ్లు వేరు. కథకుడు పటం విప్పుకుంటూ ఒక్కో గది చూపిస్తూ పాడేవాడు. సాయన్న వంటి నిన్నమొన్నటి వీరుడికి కిన్నెర ఒక్కటే చాలింది.

ఆ వాద్యం కథా పెద్దదే. 13వ శతాబ్దపు ‘సంగీత రత్నాకరం’లో శార్ఙ్గదేవుడు కిన్నరీ వీణల గురించి రాశాడు. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుడే ఉన్నాడు. పాలమూరు కిన్నెరకు వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరబుర్రలు, పైన తేనెమైనంతో నిలబెట్టిన మెట్లు ఉంటాయి. పూర్వం ఆ మెట్లకు అలుగు పెంకులు వాడేవారు. వన్యప్రాణి రక్షణ చట్టం అలుగును వేటాడటాన్ని నిషేధించింది కాబట్టి ఆ పద్ధతి ఇక కుదరదు. కొసన బిగించిన పిట్టబొమ్మ తాళానికి తగ్గట్టు ఊగుతుంటే పిల్లల కళ్లు దాని మీదే ఉంటాయి.

రేడియో, సినిమా, టీవీ వరసగా వచ్చేసరికి ఈ వృత్తికి గిరాకీ పోయింది. జానపద కళల పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు వంటివాళ్లు కిన్నెరను పట్నం వేదికల మీదికి తెచ్చారు. మొగులయ్య గురించి 8వ తరగతి పాఠ్యపుస్తకంలోనూ చేర్చారు. అయినా ఆయన పేరు ఇంటింటికీ చేరింది 2021 సెప్టెంబర్‌లో, ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటతో. తమన్ సంగీతంలో పాట ఎత్తుగడ ఆయన గొంతే. ఇక్కడో తమాషా ఉంది. ఆ సినిమా కథానాయకుడు పోలీసు ఎస్సై. సర్కారు తరిమిన సాయన్న కోసం మోగిన కిన్నెర, తిరిగి రావడానికి ఖాకీ వీరుణ్ని పొగడవలసి వచ్చింది.

2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, హైదరాబాదులో ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మే నెలలో మాత్రం ఆయన నగర శివార్లలో కట్టడం పనికి కూలీగా వెళుతున్నాడని పత్రికలు రాశాయి.

సరిగ్గా మరుసటి నెల, జూన్ 27న, ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. దర్శకుడు నాగ్ అశ్విన్ కుటుంబ మూలాలు ఇదే నాగర్‌కర్నూల్ జిల్లాలో, ఐతోలులో ఉన్నాయి. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందన్న లెక్కకు ఆరువేల ఏళ్లు కలిపితే 2898 వస్తుంది. కురుక్షేత్ర యుద్ధం ముగిశాక చావులేని శాపంతో మిగిలిపోయిన అశ్వత్థామ, అమితాబ్ బచ్చన్ రూపంలో, యంత్రాల కాలంలో మళ్లీ ఆయుధం పడతాడు. వందల కోట్ల ఖర్చుతో తీసిన ఆ సినిమాకు రెండో భాగం కూడా ప్రకటించారు.

సాయన్న రాకడకు అలాంటి పెట్టుబడి లేదు, హక్కుదారుడైన సంస్థ కూడా లేదు. సినిమా పాటలో మొగులయ్యకు దక్కింది ఎత్తుగడ మాత్రమే. సాయన్న కథ వినాలంటే కిన్నెర ముందు తీరిగ్గా కూర్చోవాలి, ఆ కిన్నెర పట్టినవాడు మర్నాడు కూలికి పోకుండా ఉండాలి.