షాద్‌నగర్ పెరిగింది, పని ఎవరికి దొరికింది? శిక్షణ, చట్టం, దళిత యువత

హైదరాబాద్‌కు దక్షిణాన దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్ ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేదాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు రంగారెడ్డి. వలస కూలీకి మారుపేరైన పాలమూరు నుంచి భూముల ధరలకు మారుపేరైన జిల్లాలోకి వచ్చింది. పొద్దున్నే బస్సుల్లో, రైళ్లలో జనం పట్నం పోతారు. పక్కనే కొత్తూరులో మందుల కంపెనీలు, ఇతర ఫ్యాక్టరీలు ఉన్నాయి. పని లేదని ఎవరూ అనలేరు. ఆ పనిలో మన పిల్లలు ఏ మెట్టు మీద నిలబడుతున్నారన్నదే ప్రశ్న. లోడింగ్, ప్యాకింగ్, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ కాంట్రాక్టర్ చేతిలో ఉంటాయి. యంత్రం నడిపే పనికి మాత్రం సర్టిఫికెట్ అడుగుతారు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించాల్సింది శిక్షణే. అందులో చట్టం మనకు ఏమిచ్చిందో ఇక్కడ చూద్దాం.

ఊరు మున్సిపాలిటీ అయితే

ఉపాధి హామీ గ్రామాలకే పరిమితం. 2005 నాటి చట్టం గ్రామీణ ప్రాంతాన్ని నిర్వచించేటప్పుడే పట్టణ స్థానిక సంస్థల పరిధిని పక్కన పెట్టింది. కొత్తూరులో 2021లో మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. ఇలా పంచాయతీ మున్సిపాలిటీగా మారిన ప్రతిచోటా ఇంటి పన్ను పెరుగుతుంది, జాబ్ కార్డు చెల్లకుండా పోతుంది. 2014లో మొదలైన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కూడా గ్రామీణ పేద యువతకే. 15 నుంచి 35 ఏళ్ల వారికి ఉచిత శిక్షణ, ఉద్యోగం దీని లక్ష్యం. నిధుల్లో సగం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలి. భూమి లేని మాల, మాదిగ కుటుంబాలకు ఊరు పట్నమైతే వచ్చే లాభం తక్కువ, పోయేది ఎక్కువ. భూమి ఉన్నవాడికి ధర వస్తుంది. కూలీకి ఉన్న ఆసరా పోతుంది.

ఐటీఐ సీటు

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి పనులకు ఇప్పటికీ గట్టి దారి ఐటీఐ. కొన్ని ట్రేడ్‌లకు ఎనిమిదో తరగతి, ఎక్కువ వాటికి పది పాసై ఉండాలి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల 15 శాతం రిజర్వేషన్ మూడు గ్రూపులుగా అమలవుతోంది: మొదటి గ్రూపుకు 1, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5 శాతం. దరఖాస్తుకు ముందే కుల ధ్రువపత్రంలో గ్రూపు సరిగా ఉందో లేదో చూసుకోవాలి.

రంగారెడ్డి జిల్లాలోనే కందుకూరు మండలంలో స్కిల్స్ యూనివర్సిటీకి 2024 ఆగస్టు 1న శంకుస్థాపన జరిగింది. దాని ఫీజులు, సీట్ల కేటాయింపు ఎలా ఉంటాయన్న దానిపై విద్యార్థి సంఘాలు ఇప్పటినుంచే కన్నేసి ఉంచాలి.

ప్రైవేటు ఫ్యాక్టరీలో ఉన్న ఒక రిజర్వేషన్

ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. అయితే ప్రైవేటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్ సీటుకు ఉంది. 1961 అప్రెంటిస్‌ల చట్టం 3ఏ సెక్షన్ ప్రకారం నిర్దేశిత ట్రేడ్‌లలో ఎస్సీ, ఎస్టీలకు సీట్లు కేటాయించాల్సింది యజమానే. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఈ సెక్షన్ గురించి మన సభల్లో మాట్లాడేది చాలా తక్కువ.

ఇదే చట్టం 18వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి. కార్మిక చట్టాలు మామూలుగా అతనికి వర్తించవు. అందుకే శిక్షణ పేరుతో చవక కూలీగా వాడుకునే అవకాశం ఉంటుంది. ఒప్పందం నమోదైందా, స్టైపెండ్ బ్యాంకులో పడుతోందా, ట్రేడ్ పని నేర్పుతున్నారా అన్నవి మొదటి నెలలోనే తేల్చుకోవాలి.

భద్రత కూడా శిక్షణలో భాగమే. 2024 జూన్ 28న షాద్‌నగర్ దగ్గరి బూర్గులలో గాజు కర్మాగారంలో పేలుడు జరిగి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు చనిపోయారు. స్థానికులకు పని అడగడమంటే వలస కార్మికులను తిట్టడం కాదు. పాలమూరు కూలీ కూడా ఒకప్పుడు ఎక్కడికి పోయినా పరాయివాడే.

చీపురు నుంచి బయటికి

పట్నం పెరిగితే చెత్త పెరుగుతుంది. ఆ పని మళ్లీ మన వాడలకే వస్తుంది, అదీ ఔట్‌సోర్సింగ్‌లో. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం, ఆ పనివారిగా గుర్తించిన వ్యక్తికి లేదా ఇంట్లో ఒక పెద్దకు జీవనోపాధి శిక్షణ, నెలకు 3,000 రూపాయలకు తగ్గని స్టైపెండ్ ఇవ్వాలంటుంది. సర్వేలో పేరు లేకపోతే ఈ హక్కు అందదు. కాబట్టి పోరాటం సర్వే దగ్గరే మొదలు కావాలి.

ఏం అడగాలి?

సమాచార హక్కు చట్టం కింద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర్లేదు. మండలంలో ఏ ఫ్యాక్టరీలు అప్రెంటిస్‌లను తీసుకున్నాయి, అందులో ఎస్సీలు ఎందరు? శిక్షణ పొందినవారిలో ఏడాది తర్వాత ఎందరు పనిలో ఉన్నారు? 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఎస్సీల నిధుల్లో శిక్షణకు ఎంత ఖర్చయింది? ఈ మూడు ప్రశ్నలతో మొదలుపెడదాం.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్, సాంకేతిక శిక్షణను కూలీకి చేసే దయగా కాక ప్రభుత్వ బాధ్యతగా చూశాడు. మన వాడల పిల్లలకు ఆ బాధ్యత ఎంతవరకు అందిందో లెక్క తేల్చాల్సింది మనమే.