నీకేటి తెలుసు?

పలాస, టెక్కలి వైపు పెద్దోళ్ళు కూలోళ్ళ నోరు మూయించే మాట ఇది: "నీకేటి తెలుసు?" తత్వశాస్త్రంలో ఇదే అసలు ప్రశ్న. మనిషికి ఏది, ఎంతవరకు తెలియగలదో తేల్చడానికి ఇమ్మాన్యుయేల్ కాంట్ 1781లో 'శుద్ధ బుద్ధి విమర్శ' రాశాడు. మన చికాకోల్ సర్కారు అప్పటికే కంపెనీ చేతిలో ఉంది.

కాంట్ (1724-1804) తండ్రి కోనిగ్స్‌బర్గ్‌లో గుర్రాలకు తోలు పట్టెడలు, జీను సామాను కుట్టేవాడు. ఆ కొడుకు 1770లో తర్కానికి, తత్వానికి ప్రొఫెసరయ్యాడు. తోలు ముట్టుకున్నందుకు ఆ ఇంటిని ఎవరూ ఊరిబయటికి నెట్టలేదు.

కాంట్ చెప్పిందేమిటి? ఇంద్రియాలు ముడిసరుకు ఇస్తాయి. కార్యకారణం లాంటి చట్రాలతో బుద్ధి దాన్ని జ్ఞానంగా మలుస్తుంది. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. అనుభవానికి అందని దేవుణ్ణి, ఆత్మను నమ్మొచ్చు గాని 'తెలుసు' అనడానికి వీల్లేదు. (మన పురోహితులకు ఈ కబురు ఇంకా అందినట్టు లేదు.) ఈ చట్రం మనుషులందరికీ ఒకటే.

మరి ఇదే కాంట్ 1764లో ఏం రాశాడు? ఒక యాత్రికుడి పుస్తకంలో చదివిన నల్ల వడ్రంగి మాటను ప్రస్తావించాడు. అందులో ఆలోచించదగ్గది ఉందేమో అంటూనే, వాడు నిలువెల్లా నలుపు గనక ఆ మాట తెలివితక్కువదేనని తేల్చేశాడు. ఇదీ 'నీకేటి తెలుసు' మాటే గదా! 1795లో, వ్యాపారం పేరుతో హిందుస్థాన్‌లో సైన్యాన్ని దింపిన యూరోపియన్లను గట్టిగానే తప్పుపట్టాడు. వడ్రంగి మీద తీర్పు మాత్రం అలాగే ఉండిపోయింది.

మన విశ్వవిద్యాలయాల్లో చట్రం ఒక కులానిది, ముడిసరుకు ఇంకో కులానిది. గోపాల్ గురు 2002లో ఎత్తి చూపింది ఈ విభజననే. సెమినార్లలో మనల్ని "మీ అనుభవం చెప్పండి" అంటారు. సిద్ధాంతం ఎత్తితే గడియారం చూసుకుంటారు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడోళ్ళ చేతుల్ని తొక్కలోని నూనె కాలుస్తుంది. దాని గురించి రాసేది ఇంకొకరు.

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కారణం ఉండి తీరాలని కాంట్ చట్రం చెబుతుంది. అదేదో అనుభవమే చెప్పాలి. ఆ నీళ్ళు తాగి, ఆ ఎండలో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసినోళ్ళ రక్తం, మూత్రం పరీక్షలకు వెళ్ళాయి. కారణం గురించి ఆళ్ళేటనుకుంటున్నారో రాసుకునే గడి కూడా ఆ ఫారాల్లో ఉండాలి.