తీసుకున్నది తిరిగివ్వకుండా క్షమాపణ లేదన్న ఫాదర్ కథ

పోస్టు కొంచెం పెద్దది. మెస్‌లో తినేసి వచ్చాక తీరిగ్గా చదవండి.

మొన్న ఆదివారం రాత్రి మా హాస్టల్ రూములో ఒక మాట మీద గొడవలాంటిది అయింది. మాలో ప్రార్థనకి వెళ్ళేవాళ్ళున్నారు, ఊళ్ళో కొండదేవతకి మొక్కేవాళ్ళున్నారు, ఏదీ పట్టనివాళ్ళూ ఉన్నారు. ఆ మాట ‘మారుమనస్సు’. ఒకడు అడిగాడు: "లాక్కున్నోడు మోకాళ్ళ మీద పడి ఏడిస్తే దేవుడు క్షమించేస్తాడు సరే, పోగొట్టుకున్నోడి సంగతేంటి?" ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్రశ్న వాడు ఊరికే అడగలేదు, అది చివర్లో చెప్తాం.

మా చరిత్ర పుస్తకంలో కొలంబస్ పాఠం కింద ఒక్క వాక్యంలో ఒక పేరుంది: బర్తొలోమే దె లాస్ కసాస్. ఈ ప్రశ్నకి 500 ఏళ్ళ కింద ఆయన ఇచ్చిన జవాబు ఉందని తెలిసి, దొరికినంతా చదివాం.

లాస్ కసాస్ స్పెయిన్‌లోని సెవిల్ పట్నంలో పుట్టాడు. తండ్రి 1493లో కొలంబస్ రెండో ప్రయాణంలో ఓడెక్కినవాడు. కొడుకు 1502లో హిస్పానియోలా దీవికి వెళ్ళాడు. ఇప్పుడు హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న దీవి అది. అక్కడి జనం తైనోలు, అంటే ఆ నేల ఆదివాసులు. స్పెయిన్ రాజు అక్కడ ‘ఎన్‌కొమియెండా’ అనే పద్ధతి పెట్టాడు. ఆ మాటకి అర్థం అప్పగింత. ఇన్ని కుటుంబాల ఆదివాసుల్ని ఈ దొరకి అప్పగించాం, వాళ్ళు ఇతని గనిలో, పొలంలో పనిచెయ్యాలి, ఇతను వాళ్ళకి క్రైస్తవం నేర్పాలి అని. కాగితం మీద బానిసత్వం కాదు. మన ఏజెన్సీలో వెట్టి గురించి తాతలు చెప్పింది విన్నవాళ్ళకి ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు.

1511 డిసెంబరులో, క్రిస్మస్ ముందు ఆదివారం, శాంతో దొమింగో చర్చిలో మోంతెసీనోస్ అనే దొమినికన్ ఫాదర్ ప్రసంగం చేశాడు. ముందు బెంచీల్లో గవర్నరు, పెద్ద పెద్ద దొరలు. ఏ హక్కుతో వీళ్ళని ఇలా చంపుతున్నారు, వీళ్ళు మనుషులు కారా, వీళ్ళకి ఆత్మ లేదా అని మొహం మీదే అడిగేశాడు. దొరలు మఠానికి పోయి, వచ్చే ఆదివారం మాట వెనక్కి తీసుకోవాలని గొడవపెట్టారు. వచ్చే ఆదివారం ఆయన ఇంకా గట్టిగా చెప్పాడు. పైగా ఇకమీదట మీ పాపసంకీర్తనం మేం వినం అన్నాడు. ఆ ప్రసంగం ఒక్కడి తెగింపు కాదు, అక్కడున్న ఫాదర్లంతా కలిసి రాసుకుని సంతకాలు పెట్టింది. ఇది మాకు బాగా నచ్చింది.

లాస్ కసాస్ అప్పటికే ఫాదర్ అయ్యాడు. అయినా మారలేదు! ఆయన కింద కూడా ఆదివాసులు పనిచేస్తున్నారు. ఒకసారి ఒక దొమినికన్ ఫాదర్ అదే కారణంతో ఆయన పాపసంకీర్తనం వినను పొమ్మంటే, వాదించి, వాదనలో ఓడిపోయి, మళ్ళీ తన పని తను చూసుకున్నాడు. ఈ సంగతి ముసలితనంలో తనే రాసుకున్నాడు. తర్వాత క్యూబాని ఆక్రమించే సైన్యంతో పాటు వెళ్ళాడు. కావొనావో ఊళ్ళో అన్నం పెట్టిన జనాన్నే సైనికులు నరికేస్తుంటే కళ్ళారా చూశాడు. హిస్పానియోలా నుంచి క్యూబాకి వెళ్ళి ఎదురు తిరిగిన నాయకుడు హాతువేని మంటలో కాల్చేముందు, క్రైస్తవుడివైతే పరలోకానికి పోతావని ఒక ఫాదర్ చెప్పాడట. స్పెయిన్ వాళ్ళు కూడా అక్కడికే పోతారా అని హాతువే అడిగాడు. మంచివాళ్ళు పోతారు అనగానే, అయితే నాకు వద్దన్నాడట. ఈ కథ మనకి తెలిసిందీ లాస్ కసాస్ రాయబట్టే. ఇంత చూసి కూడా ఆయన క్యూబాలో అరిమావో నది ఒడ్డున భూమీ, మనుషుల్నీ ఇనాముగా తీసుకున్నాడు. పొత్తు భాగస్వామి రెంతేరియా అనే స్నేహితుడు.

1514లో పెంతెకొస్తు పండక్కి ప్రసంగం తయారుచేసుకుంటూ ఆయన సీరా గ్రంథం 34వ అధ్యాయం తీశాడు. (మా రూములో ఆర్‌సీఎం వాళ్ళ బైబిల్లో ఈ పుస్తకం ఉంది, మిగతావాళ్ళ దాంట్లో లేదు. దీనిమీద ఇంకో అరగంట పోయింది.) బీదల సొమ్ముతో దేవుడికి బలి ఇవ్వడం తండ్రి కళ్ళముందు కొడుకుని చంపినట్టు అనీ, కూలివాడి కూలి ఎగ్గొట్టినవాడు హత్య చేసినట్టేననీ దాని సారాంశం. కొన్ని రోజులు దాన్ని పట్టుకునే కూర్చున్నాడు. ఆగస్టు 15న చర్చిలో అందరిముందూ, నేను నా మనుషుల్ని వదిలేస్తున్నా, మీరూ వదిలెయ్యండి, లేకపోతే మీకు రక్షణ లేదు అని చెప్పేశాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆయన వదిలేస్తే వాళ్ళు విడుదల కారు. గవర్నరు ఇంకో దొరకి, బహుశా ఇంకా కఠినమైనవాడికి, ఇచ్చేస్తాడు. అది ఆయనకీ తెలుసు. అయినా వాళ్ళని తన దగ్గర ఉంచుకుని వాళ్ళ తరపున మాట్లాడితే ఎవరూ నమ్మరని వదిలేశాడు. ఆ మనుషుల వైపు నుంచి చూస్తే ఇది న్యాయమేనా? మాలో ఇద్దరు కాదన్నారు. మిగతావాళ్ళం, ఇంకేం చెయ్యగలడు అన్నాం. తేలలేదు.

రెంతేరియాతో కలిసి ఉన్న ఆస్తి అమ్మి, ఆ డబ్బుతో 1515లో రాజుకి చెప్పడానికి స్పెయిన్ వెళ్ళాడు. ఆ తర్వాత 50 ఏళ్ళు అదే పని. 1542లో వచ్చిన కొత్త చట్టాలు ఆదివాసుల్ని బానిసలుగా చెయ్యకూడదన్నాయి, అప్పగింత తండ్రి నుంచి కొడుక్కి పోకూడదన్నాయి. వాటి వెనక ఆయన పోరాటం ఉంది. దొరలు తిరగబడ్డారు. 1545కల్లా వారసత్వం నిబంధన రద్దయింది. చట్టం రావడం ఒకటి, నిలవడం ఒకటి. మనకీ కొత్త కాదు.

అసలు మేం చెప్పాలనుకున్నది దీని తర్వాత సంగతి. ఆయన ఇప్పటి మెక్సికోలో ఉన్న చియాపాకి బిషప్పుగా 1545లో వచ్చాడు. బానిసల్ని వదలనివాళ్ళకి పాపక్షమాపణ ఇవ్వొద్దని ఫాదర్లకి ఆజ్ఞ వేశాడు. ఊరు ఊరంతా ఆయనమీద పడింది. తర్వాత 12 నియమాలు రాశాడు. దొర చావు మంచం మీద ఉండి ఫాదర్‌ని పిలిస్తే, పాపసంకీర్తనం మొదలుపెట్టకముందే నోటరీని పిలిపించాలి. నా ఆస్తి మీద ఈ ఫాదర్‌కి పూర్తి అధికారం ఇస్తున్నాను, ఎవరి దగ్గర తీసుకున్నది వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యండి అని కాగితం రాసి సంతకం పెట్టాలి. బానిసల్ని అక్కడే విడిచిపెట్టాలి. సంపాదించిందంతా ఆదివాసుల మీదే అయితే పిల్లలకి ఒక్క పైసా మిగలకూడదు. ఆ తర్వాతే పాపం చెప్పుకోవడం. 1548లో ఆ నియమాల కాపీల్ని ఎక్కడికక్కడ స్వాధీనం చేసుకోమని రాజాజ్ఞ వచ్చింది. అయినా 1552లో ఆయన వాటిని సెవిల్‌లో అచ్చు వేయించాడు. పెరూలో కొందరు దొరలు నిజంగానే వీలునామాల్లో ఆదివాసులకి సొమ్ము తిరిగి రాసిచ్చారు. కొందరే.

ఇది ఆయన కొత్తగా కనిపెట్టింది కాదు. లూకా సువార్తలో యోహాను దగ్గరికి జనం వచ్చి మేమేం చెయ్యాలని అడిగితే, ఏడవమని చెప్పలేదు. పన్ను వసూలుదారుల్ని ఎక్కువ గుంజొద్దన్నాడు, సైనికుల్ని బెదిరించి లాక్కోవద్దన్నాడు. జక్కయ్య సగం ఆస్తి బీదలకిస్తానని, మోసం చేసి తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానని అన్నాకే యేసు ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. మా రూములో ప్రార్థనకి వెళ్ళే తమ్ముడు ఇది చదివి, మా సంఘంలో జక్కయ్య చెట్టెక్కడం గురించే పాట పాడిస్తారు, నాలుగంతల సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు అన్నాడు.

లాస్ కసాస్‌ని దేవుణ్ణి చెయ్యొద్దు. 1516లో ఆదివాసుల భారం తగ్గించడానికి ఆఫ్రికా నుంచి బానిసల్ని తెప్పించమని రాజుకి సలహా ఇచ్చింది ఆయనే. ఒకరి మెడ మీద కాడి తీసి ఇంకొకరి మెడ మీద పెట్టమన్నాడు. వాళ్ళనీ అన్యాయంగానే పట్టి తెస్తున్నారని తర్వాత తెలుసుకుని, తెలియక చేశానన్న సాకు దేవుడి తీర్పు ముందు నిలుస్తుందో లేదో అని తన చరిత్ర పుస్తకంలో రాసుకున్నాడు. ఆఫ్రికా వాళ్ళకి మాత్రం తిరిగి ఇచ్చింది ఏమీ లేదు. తన నియమాల ప్రకారమే చూస్తే ఆ బాకీ తీరలేదని మా అందరి అభిప్రాయం. ఆదివాసుల్ని క్రైస్తవంలోకి తేవాలన్న పట్టు కూడా ఆయన ఎప్పుడూ వదల్లేదు. 1566లో మద్రిద్‌లో చనిపోయాడు.

ఇక ఆ ప్రశ్న అడిగినోడి సంగతి. వాడి తాత రెండెకరాల పల్లం ఒక షావుకారు చేతిలో ఉంది. ఎప్పుడో తీసుకున్న అప్పు కింద. 1970 నాటి 1/70 చట్టం ఉన్నా, కాగితాలమీద పేరు గిరిజనుడిదే ఉన్నా, పంట మాత్రం షావుకారు ఇంటికే పోతుంది. ఆ షావుకారు ఈమధ్య బాగా మారాడంటారు. తాగుడు మానేశాడు, పండగలకి ఊళ్ళో దుప్పట్లు పంచుతాడు, పోయినేడు వాడి అమ్మకీ ఒకటి ఇచ్చాడు. ఆ దుప్పటి ఇప్పుడు మా రూములోనే ఉంది, చలికి ఇద్దరం కప్పుకుంటాం.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు వాడితో మేం ముగ్గురం మీ-సేవకి వెళ్ళి అడంగల్, 1-బి కాపీలు తీస్తాం. సర్వే నంబరు వాడి అమ్మమ్మకి నోటికి వచ్చు. ఇలాంటి కేసు ఎస్‌డీసీ కోర్టులో వేసిన అన్నలెవరైనా ఉంటే, ముందు ఏ కాగితాలు పెట్టుకోవాలో కింద రాయండి.